ఉబ్బసం, యోగా, బస్తర్ ఎండ

బదిలీ ఆర్డరు వచ్చిందంటే మన ఇళ్లలో మొదట గుర్తొచ్చేవి మూడు: పిల్లల టీసీ, గ్యాస్ కనెక్షన్, సామాన్ల లారీ. అక్కడి గాలి ఎలా ఉంటుందని మాత్రం ఎవరూ అడగరు. కానీ మనలో ఉబ్బసం ఉన్నవాళ్లకు ఊరు మారడమంటే ముందుగా గాలి మారడమే.

విశాఖపట్నంలో రైలెక్కి బస్తర్‌కు వచ్చేవాళ్ల సంగతే చూడండి. బయలుదేరేటప్పుడు సముద్రపు తేమగాలి. అరకు దగ్గర కొండల చలిగాలి. కొరాపుట్ దాటి జగదల్‌పూర్ చేరేసరికి పీఠభూమి గాలి. కిరందుల్‌లో దిగేసరికి బైలాడిలా కొండల ఇనుప ఖనిజపు ఎర్రదుమ్ము. ఒక్క ప్రయాణంలో నాలుగు రకాల గాలి పీల్చాలి.

ఈ దారిలో వచ్చే తెలుగు కుటుంబాలు తక్కువేమీ కాదు. బైలాడిలా గనులు నడిపే ఎన్‌ఎండీసీ ప్రధాన కార్యాలయం హైదరాబాద్‌లోనే ఉంది. కిరందుల్‌లో ఖనిజం తవ్వడం 1968లో మొదలైంది. గనులు, రైల్వే, సీఆర్‌పీఎఫ్, బ్యాంకులు, తపాలా శాఖ, ఇలా ఏదో ఒక ఉద్యోగం వల్ల మనవాళ్లు ఇక్కడికి వస్తూ పోతూ ఉంటారు. వాళ్లతో పాటు పిల్లలూ, పిల్లలతో పాటు వాళ్ల ఆయాసమూ వస్తాయి.

ఈ మధ్య మాలో ఒక మాట బాగా తిరుగుతోంది. "హాట్ యోగా" చేస్తే ఉబ్బసం తగ్గిపోతుందట. పెద్ద నగరాల్లో దీనికి వేడి చేసిన గదులుంటాయట. "మన బస్తర్‌లో మే నెలలో గదంతా ఎలాగూ కొలిమిలా ఉంటుంది కదా, తలుపులు కిటికీలు మూసుకుని ఆసనాలు వేస్తే అదే హాట్ యోగా కాదా?" అని కొందరి ప్రశ్న. ఇంకొందరు ఇంకో అడుగు ముందుకు వేసి, "యోగా మొదలుపెట్టాక ఇన్‌హేలర్ ఎందుకు?" అంటున్నారు. మొదటి ప్రశ్నకు కాస్త ఆలోచించి జవాబు చెప్పాలి. రెండో ప్రశ్న ప్రాణం మీదికి తెచ్చేది. అందుకే రెంటి గురించీ మేము తెలుసుకున్నది ఇక్కడ రాస్తున్నాం.

ఉబ్బసంలో అసలు ఏం జరుగుతుంది?

మన ఊపిరితిత్తుల్లోకి గాలి వెళ్లే గొట్టాలు చెట్టు కొమ్మల్లా చీలుకుంటూ పోతాయి. ఉబ్బసం ఉన్నవాళ్లలో ఈ గొట్టాల లోపలి పొర ఎప్పుడూ కాస్త వాచి, చిరాకుగా ఉంటుంది. దుమ్ము, పొగ, పుప్పొడి, చలిగాలి, జలుబు వంటిది ఏదైనా తగిలిందంటే మూడు పనులు జరుగుతాయి. గొట్టం చుట్టూ ఉన్న కండరం బిగుసుకుంటుంది. లోపలి పొర ఇంకా వాస్తుంది. చిక్కటి కఫం ఊరుతుంది. ఈ మూడూ కలిసి దారిని ఇరుకు చేస్తాయి. అప్పుడు దగ్గు, ఆయాసం, ఛాతీ పట్టేసినట్టు ఉండటం, ఊపిరి వదిలేటప్పుడు పిల్లికూతలు మొదలవుతాయి.

గొట్టం కొంచెం ఇరుకైతేనే అంత కష్టమెందుకు? ఫిజిక్స్ చదివే అన్నలూ అక్కలూ దీనికి లెక్క చెబుతారు. గాలి సాఫీగా పారే గొట్టంలో వ్యాసార్థం సగానికి తగ్గితే నిరోధం 2 రెట్లు కాదు, 16 రెట్లు పెరుగుతుంది. అందుకే పక్కవాడికి కనిపించనంత చిన్న వాపు కూడా లోపల ఉన్నవాడికి పెద్ద భారం. "ఏం నటిస్తున్నావురా" అని ఆటస్థలంలో ఎవరినైనా అనే ముందు ఈ 16ను గుర్తు పెట్టుకోవాలి.

ఇంకో సంగతి ఉంది. వాపు లోపల ఉంటుంది కాబట్టి, ఆయాసం లేని రోజుల్లో కూడా జబ్బు పూర్తిగా పోయినట్టు కాదు. ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్క ప్రకారం 2019లో ప్రపంచవ్యాప్తంగా 26 కోట్ల 20 లక్షల మందికి ఉబ్బసం ఉంది. ఆ ఒక్క ఏడాదిలో 4 లక్షల 55 వేల మంది దానివల్ల చనిపోయారు. సరైన మందు సరైన వేళకు అందితే ఇందులో చాలామంది బతికేవాళ్లే. భయపెట్టడానికి ఈ అంకె చెప్పడం లేదు. "ఇదేం పెద్ద జబ్బు, పెరిగితే అదే పోతుంది" అని తేలిగ్గా తీసుకోకూడదని చెబుతున్నాం.

హాట్ యోగా ఎక్కడిది?

పేరు ఇంగ్లిషులో ఉన్నా దీని మూలం మన కోల్‌కతాలో ఉంది. అక్కడ బిష్ణు చరణ్ ఘోష్ అనే వ్యాయామ గురువు ఉండేవారు. పరమహంస యోగానంద ఆయనకు అన్నగారు. ఘోష్ దగ్గర నేర్చుకున్నానని చెప్పుకున్న బిక్రమ్ చౌదరి 1970లలో అమెరికా వెళ్లి ఒక పద్ధతిని ప్రచారం చేశాడు. గదిని 40.6 డిగ్రీల సెల్సియస్ దాకా వేడి చేస్తారు. గాలిలో తేమ 40 శాతం ఉంచుతారు. అందులో 90 నిమిషాల పాటు 26 భంగిమల వరుసను చేయిస్తారు. తర్వాత ఇంకా ఎందరో రకరకాల వేడి గదుల యోగా మొదలుపెట్టారు. వాటన్నిటినీ కలిపి ఇప్పుడు హాట్ యోగా అంటున్నారు.

ఆ 26 భంగిమల వరుస తన సొంతమని, వేరెవరూ నేర్పకూడదని బిక్రమ్ కోర్టుకు కూడా వెళ్లాడు. 2015లో అమెరికా అప్పీలు కోర్టు ఆ వాదనను తోసిపుచ్చింది. ఆసనాల వరుస ఆరోగ్యానికి సంబంధించిన ఒక పద్ధతి అని, పద్ధతి మీద కాపీరైటు ఉండదని తీర్పు చెప్పింది.

మరి మన పాత గ్రంథాలు వేడి గురించి ఏమంటాయి? 15వ శతాబ్దంలో స్వాత్మారాముడు రాసిన హఠయోగ ప్రదీపిక మొదటి అధ్యాయంలో, సాధన మొదలుపెట్టిన కొత్తలో మానుకోవలసిన వాటిని చెబుతాడు. వాటిలో నిప్పు దగ్గర కూర్చోవడం ఒకటి. దూర ప్రయాణాలు చేయడం ఇంకొకటి. రెండోది మన బదిలీ పిల్లల చేతిలో లేదు. మొదటిది మాత్రం మన చేతిలోనే ఉంది.

వేడి వల్ల మేలా, కీడా?

హాట్ యోగా మేలు చేస్తుందని చెప్పేవాళ్ల మాటలో కొంత నిజం లేకపోలేదు. ఉబ్బసం ఉన్న చాలామందికి పరుగెత్తినప్పుడు ఆయాసం వస్తుంది. దానికి ముఖ్య కారణం చల్లటి, పొడి గాలి. వేగంగా ఊపిరి పీల్చినప్పుడు ఆ గాలి శ్వాస గొట్టాల లోపలి తడిని లాగేస్తుంది. దాంతో గొట్టాలు బిగుసుకుంటాయి. గాలి వెచ్చగా, తేమగా ఉంటే ఈ ఇబ్బంది తక్కువ. ఈత కొట్టేటప్పుడు ఉబ్బసం ఉన్నవాళ్లకు పరుగులో కంటే హాయిగా ఉండటానికి ఇదొక కారణం. కాబట్టి వెచ్చటి గదిలో యోగా చేసినప్పుడు ఎవరికైనా ఊపిరి తేలికగా ఆడిందంటే అది అబద్ధం కానక్కర్లేదు.

అయితే వెచ్చగా ఉండటం వేరు, ఉడికిపోవడం వేరు. 2012లో అమెరికా పరిశోధకులు ఒక అధ్యయనం ప్రచురించారు. తేలికపాటి ఉబ్బసం ఉన్న 6గురితో 49 డిగ్రీల వేడి, తేమ గాలిని 4 నిమిషాల పాటు వేగంగా పీల్పించారు. వాళ్ల శ్వాస గొట్టాలు బిగుసుకున్నాయి, దగ్గు కూడా వచ్చింది. ఉబ్బసం లేనివాళ్లకు అలా కాలేదు. ఇది చిన్న అధ్యయనమే, ఆ గాలి యోగా గది కంటే వేడిదే. అయినా వేడిగాలి కూడా ఉబ్బసాన్ని రేపగలదని దీనితో తెలిసింది. చలి ఒక్కటే శత్రువు, వేడి మిత్రుడు అనుకోవడానికి వీల్లేదు.

రెండో చిక్కు ఒంటి వేడి. మన శరీరం 37 డిగ్రీల దగ్గర ఉంటుంది. గది 40 డిగ్రీలు ఉంటే ఒంటి వేడి గాలిలోకి పోదు, గాలి వేడే ఒంట్లోకి వస్తుంది. అప్పుడు మనల్ని చల్లబరిచేది చెమట ఒక్కటే. గాలిలో తేమ ఎక్కువైతే ఆ చెమట కూడా ఆరదు. ఒంట్లో నీరు, ఉప్పు తగ్గిపోతాయి. తల తిరగడం, వాంతి వచ్చినట్టు ఉండటం, కాళ్లలో తిమ్మిరి, కళ్లు బైర్లు కమ్మడం మొదలవుతాయి. మనకు బాగా తెలిసిన మాటలో చెప్పాలంటే వడదెబ్బ. ఆయాసం, వడదెబ్బ రెండూ ఒకేసారి వస్తే ఏది ఏదో తేల్చుకోవడమే కష్టం.

మూడోది గది. వేడి బయటికి పోకుండా తలుపులు మూస్తారు. మూసిన గదిలో పదిమంది చెమట, తివాచీలో దుమ్ము పురుగులు, అగరుబత్తీ పొగ, నేల తుడిచిన ఫినాయిల్ వాసన అన్నీ అక్కడే తిరుగుతాయి. ఉబ్బసం ఉన్నవాళ్లకు పడనివి సరిగ్గా ఇవే.

ఇక బస్తర్ మాటకొద్దాం. మే నెలలో జగదల్‌పూర్‌లో మధ్యాహ్నం 40 డిగ్రీలకు దగ్గరగా ఉంటుంది. దిగువన బీజాపూర్, కోంటా వైపు ఇంకా ఎక్కువ. పెద్ద నగరంలో డబ్బు కట్టి తెచ్చుకునే వేడి మనకు ఊరికే దొరుకుతుంది. కాబట్టి మనకు కావలసింది వేడి కాదు, వేడి నుంచి తప్పుకునే వేళ. మూసిన గదిలో మధ్యాహ్నం చేసే ప్రయోగం ఎవరూ చేయవద్దు. ఉబ్బసం లేనివాళ్లు కూడా చేయవద్దు.

అయితే యోగా పనికిరాదా?

పనికొస్తుంది. ఎంత పనికొస్తుందో తెలుసుకుని చేస్తే ఇంకా పనికొస్తుంది. 2016లో కోక్రేన్ సంస్థ ఉబ్బసం మీద యోగా ప్రభావం గురించి అప్పటిదాకా జరిగిన 15 అధ్యయనాలను ఒకచోట చేర్చి పరిశీలించింది. వాటిలో మొత్తం 1,048 మంది పాల్గొన్నారు. యోగా వల్ల లక్షణాలు కొంచెం తగ్గుతాయని, రోజువారీ జీవితం కొంచెం మెరుగుపడుతుందని తేలింది. ఊపిరితిత్తుల సామర్థ్యం పెరుగుతుందని మాత్రం గట్టిగా చెప్పలేకపోయింది. "కొంచెం" అనే మాటను మనం నిజాయితీగా ఒప్పుకోవాలి. మందులకు తోడుగా ఆ కొంచెం కూడా మంచిదే.

ఆ మేలు వేడి వల్ల రాదు. నెమ్మదిగా ఊపిరి వదలడం నేర్చుకోవడం వల్ల రావచ్చు. భుజాలు, ఛాతీ కండరాలు సడలడం వల్ల రావచ్చు. అన్నిటికంటే ముఖ్యం, ఆయాసం మొదలైనప్పుడు కంగారు తగ్గడం. కంగారుపడితే ఊపిరి వేగమవుతుంది, వేగమైతే ఆయాసం పెరుగుతుంది, పెరిగితే మళ్లీ కంగారు. ఈ గిరగిర తిరుగుడును ఆపడం రోజూ సాధన చేసేవాళ్లకు సులువు. ఇందుకు మన బడిలో యోగా పీరియడ్ చాలు. ప్రత్యేకమైన గది అక్కర్లేదు.

ఎలా చేయాలి?

వేళ: ఎండాకాలంలో సూర్యుడు పైకి రాకముందే చేయాలి. చలికాలంలో మంచు విడిచాక, కాస్త ఎండ పొడ వచ్చాక చేయాలి. భోజనం చేసి కనీసం 3 గంటలు గడవాలి.

చోటు: గాలి ఆడే వరండా, లేదా కిటికీలు తెరిచిన గది. పొయ్యి పొగ, అగరుబత్తీ, దోమల కాయిల్ దగ్గర్లో ఉండకూడదు. చాపను దులిపి, వారానికోసారి ఎండలో వేయాలి.

మొదలు: నాలుగైదు నిమిషాలు నెమ్మదిగా నడిచి ఒళ్లు వెచ్చబడనివ్వాలి. వ్యాయామానికి ముందు ఇన్‌హేలర్ వాడమని డాక్టరు చెప్పి ఉంటే అది మానకూడదు.

ఆసనాలు: తాడాసనం, మార్జాలాసనం, భుజంగాసనం, సేతుబంధాసనం వంటివి ఛాతీని విప్పుతాయి. చివర శవాసనం. వెల్లకిలా పడుకుంటే ఊపిరి బిగిసేవాళ్లు తల కింద, వీపు కింద దిండ్లు పెట్టుకోవచ్చు, లేదా గోడకు ఆనుకుని కూర్చోవచ్చు.

ప్రాణాయామం: ఊపిరిని బిగబట్టకుండా చేసే నాడీశోధనం, తుమ్మెదలా సన్నగా శబ్దం చేసే భ్రామరి మంచివి. పీల్చడానికి 3 లెక్కపెడితే వదలడానికి 5 లెక్కపెట్టండి. కష్టంగా ఉంటే లెక్క తగ్గించండి. కపాలభాతి, భస్త్రిక వంటి వేగంగా, బలంగా చేసేవీ, ఊపిరిని చాలాసేపు బంధించే కుంభకమూ డాక్టరునూ యోగా టీచరునూ అడగకుండా చేయకూడదు. ఆయాసం ఉన్న రోజు అసలే వద్దు.

ఆపడం: దగ్గు, పిల్లికూతలు, తల తిరగడం, వీటిలో ఏది వచ్చినా వెంటనే ఆపేయాలి. "ఇంకో నిమిషం ఓర్చుకుంటే అలవాటవుతుంది" అనేది యోగా కాదు, మొండితనం.

పక్కన ఉండవలసినవి: నీళ్ల సీసా, ఇన్‌హేలర్.

ఇన్‌హేలర్ మీద అపోహలు

"పంపు అలవాటైతే జీవితమంతా మానలేరు" అనే మాట మన ఇళ్లలో వినని వాళ్లుండరు. చుట్టాలింటికి వెళ్తే ఇన్‌హేలర్‌ను సంచి అడుగున దాచే పిల్లలు ఎంతోమంది. నిజం ఏమిటంటే ఇన్‌హేలర్‌లో మందు చాలా తక్కువ. సాల్బుటమాల్ ఒక్క పఫ్‌లో 100 మైక్రోగ్రాములు ఉంటే, అదే మందు మాత్రలో 4 మిల్లీగ్రాములు ఉంటుంది. అంటే ఒక్క మాత్ర 40 పఫ్‌లతో సమానం. మాత్ర కడుపులోకి వెళ్లి, రక్తంలో ఒళ్లంతా తిరిగి ఊపిరితిత్తులకు చేరాలి. పఫ్ నేరుగా అక్కడికే వెళ్తుంది.

ఇన్‌హేలర్లు రెండు రకాలు. మొదటిది ఆయాసం వచ్చినప్పుడు బిగుసుకున్న కండరాన్ని వెంటనే సడలించేది. ఇది ఎక్కువగా నీలం రంగులో ఉంటుంది. రెండోది లోపలి వాపును తగ్గించేది. ఇది వెంటనే ఏమీ చేసినట్టు కనిపించదు, కానీ డాక్టరు చెప్పిన ప్రకారం రోజూ వాడితే దాడులు రాకుండా కాపాడుతుంది. మొదటిదాన్ని మాత్రమే నమ్ముకోవడం ప్రమాదమని, 12 ఏళ్లు దాటినవాళ్లకు వాపు తగ్గించే మందు కూడా తప్పక అందాలని ఉబ్బసం మీద ప్రపంచ నిపుణుల సంఘం అయిన గీనా 2019 నుంచి చెబుతోంది. యోగా బాగా పనిచేస్తోందని పిల్లలు మొదట మానేసేది ఈ రెండో ఇన్‌హేలర్‌నే. లోపల వాపు మెల్లగా పెరుగుతుంది, బయటికి తెలియదు. ఒక రోజు దుమ్ము తగలగానే ఒక్కసారిగా ఆయాసం ముంచుకొస్తుంది.

ఈ పరికరం పుట్టుకలోనూ ఒక పిల్ల ఉంది. 1955లో అమెరికాలోని రైకర్ మందుల కంపెనీ అధిపతి జార్జ్ మైసన్‌ను ఉబ్బసం ఉన్న ఆయన 13 ఏళ్ల కూతురు ఒక ప్రశ్న అడిగింది. జుట్టుకు కొట్టుకునే స్ప్రే డబ్బాలో ఉన్నట్టు నా మందును కూడా ఎందుకు పెట్టరు అని. మరుసటి ఏడాది, 1956లో, మీట నొక్కితే కొలత ప్రకారం మందు వచ్చే ఇన్‌హేలర్ బజారులోకి వచ్చింది. ఒక బడిపిల్ల ప్రశ్న నుంచి వచ్చిన వస్తువును బడిపిల్లలు దాచుకోవడం ఎందుకు?

మన తెలుగువాళ్లకు ఉబ్బసం అనగానే ఇంకోటి గుర్తొస్తుంది. ఏటా జూన్‌లో మృగశిర కార్తె నాడు హైదరాబాద్ నాంపల్లి ఎగ్జిబిషన్ మైదానంలో బత్తిని కుటుంబం ఉచితంగా ఇచ్చే చేప ప్రసాదం. చిన్న కొర్రమీను నోట్లో పసుపు రంగు ముద్ద పెట్టి బతికుండగానే మింగిస్తారు. వేలమంది నమ్మకంతో వస్తారు. వాళ్ల నమ్మకాన్ని మేము వెక్కిరించడం లేదు. అయితే అది వైద్యశాస్త్రం రుజువు చేసిన చికిత్స కాదు. ఒక్క రోజు మింగే చేపకైనా, ఒక్క వేడి గదికైనా ఆకర్షణ ఒకటే: దానితో జబ్బు పీడ ఒక్కసారిగా వదిలిపోతుందన్న ఆశ. ఉబ్బసం అలా వదిలేది కాదు. పళ్లు తోముకున్నట్టు రోజూ చూసుకోవలసింది. అలా చూసుకుంటే అది దేనికీ అడ్డు రాదు. బ్రిటన్ పరుగుల రాణి పౌలా రాడ్‌క్లిఫ్‌కు చిన్నప్పటి నుంచీ ఉబ్బసం ఉంది. ఆమె 2003లో లండన్ మారథాన్‌ను 2 గంటల 15 నిమిషాల 25 సెకన్లలో పరుగెత్తి నెలకొల్పిన ప్రపంచ రికార్డు 2019 దాకా నిలిచింది.

బస్తర్ గాలి ఏడాది పొడుగునా

కొత్తగా వచ్చేవాళ్ల కోసం ఇక్కడి గాలి గురించి నాలుగు మాటలు. మార్చి, ఏప్రిల్ నెలల్లో ఇప్పపూలు రాలే కాలం. పూలు కనబడటానికి చెట్ల కింద ఎండుటాకులను కాలుస్తారు. ఆ పొగ అడవి మీదుగా ఊళ్లలోకి వస్తుంది. ఇప్పపువ్వు ఇక్కడి ఊళ్ల జీవనాధారం కాబట్టి ఆ పనిని తప్పుపట్టలేం. ఆ వారాల్లో మనమే ఉదయం కిటికీ తెరిచే ముందు బయట చూసుకోవాలి. ఏప్రిల్, మే నెలల్లో ఎండ, దుమ్ము. గనుల దగ్గర ఎర్రదుమ్ము ఎక్కువ, అక్కడ తడిబట్టతో తుడవాలి తప్ప పొడి చీపురుతో ఊడవకూడదు. జూన్ మధ్య నుంచి పెద్ద వానలు. క్వార్టర్ల గోడలకు చెమ్మ, బట్టలకు బూజు. బూజు కూడా ఉబ్బసాన్ని రేపుతుంది. 75 రోజుల బస్తర్ దసరా ముగిసేసరికి చలి మొదలవుతుంది. డిసెంబరు, జనవరి తెల్లవారుజామున మంచు, చలిమంటల పొగ కలిసి నేలమీదే ఆగిపోతాయి. అప్పుడు ముక్కుకు మఫ్లర్ చుట్టుకుని ముక్కుతోనే ఊపిరి పీల్చాలి.

ఆయాసం ముంచుకొస్తే

పక్కన ఉన్న స్నేహితులు కూడా ఇది నేర్చుకోవాలి. మొదట నిటారుగా కూర్చోబెట్టాలి, పడుకోబెట్టకూడదు. చుట్టూ గుంపు చేరకుండా చూడాలి. నీలం ఇన్‌హేలర్‌ను ఊపి, స్పేసర్‌కు తగిలించి ఒక పఫ్ ఇవ్వాలి, స్పేసర్‌లో నుంచి 4 సార్లు ఊపిరి తీసుకోమనాలి. ఇలా 4 పఫ్‌లు. 4 నిమిషాలు ఆగినా తగ్గకపోతే మళ్లీ 4 పఫ్‌లు. మీ డాక్టరు వేరే విధంగా రాసిచ్చి ఉంటే అదే పాటించాలి. మాట పూర్తిగా చెప్పలేకపోవడం, పెదవులు నీలంగా మారడం, పక్కటెముకల మధ్య చర్మం లోపలికి పీక్కుపోవడం, మందుకు తగ్గకపోవడం, వీటిలో ఏది కనిపించినా వెంటనే 108కి ఫోన్ చేయాలి. దంతెవాడ నుంచి జగదల్‌పూర్‌కు 80 కిలోమీటర్ల పైనే. ఇక్కడ దూరాలు ఎక్కువ కాబట్టి "కాసేపు చూద్దాం" అనుకోకూడదు. అంబులెన్సు వచ్చేదాకా ఇన్‌హేలర్ ఇస్తూనే ఉండాలి.

టీసీతో పాటు ఇంకో ఫైలు

చివరగా బదిలీ పిల్లలకు ప్రత్యేకంగా ఒక మాట. ఊరు వదిలే ముందు ఒక చిన్న ఫైలు తయారు చేసుకోండి. అందులో డాక్టరు రాసిచ్చిన మందుల చీటీ, ఏ మందు ఎన్నిసార్లో రాసిన కాగితం, మీకు ఏవేవి పడవో ఒక జాబితా, ఆయాసం వస్తే ఏం చేయాలో డాక్టరు రాసిన పథకం ఉండాలి. కనీసం 2 నెలలకు సరిపడా ఇన్‌హేలర్లు సామాన్ల లారీలో కాకుండా మీ చేతిసంచిలో ఉండాలి. లారీ ఎప్పుడొస్తుందో మనకు తెలుసు కదా!

వీలైతే ఒక పీక్ ఫ్లో మీటరు కొనుక్కోండి. గట్టిగా ఊదితే మీ ఊపిరి వేగాన్ని అంకెలో చూపించే చిన్న గొట్టం అది. బాగున్న రోజుల్లో రెండు వారాలు ఉదయం, సాయంత్రం ఊది మీ అత్యుత్తమ అంకె రాసుకోండి. కొత్త ఊరు చేరాక మళ్లీ రెండు వారాలు ఊదండి. అంకె పాతదాంట్లో 80 శాతానికి పైన ఉంటే కొత్త గాలి మీకు పడుతున్నట్టే. 50 నుంచి 80 మధ్య ఉంటే డాక్టరును కలవాలి. 50 కంటే తగ్గితే ఆలస్యం చేయకుండా ఆసుపత్రికి వెళ్లాలి.

కొత్త బడిలో చేరిన మొదటి వారంలోనే క్లాస్ టీచరుకు, పీఈటీ సారుకు, యోగా టీచరుకు మీ ఉబ్బసం గురించి చెప్పండి. పక్క బెంచీ స్నేహితుడికి ఇన్‌హేలర్ ఎక్కడ ఉంటుందో చూపించండి. యోగా పీరియడ్‌లో వెనక వరుసలో కూర్చుని చూడటం కాదు, ముందు వరుసలో చాప పరుచుకుని, ఇన్‌హేలర్‌ను ఆ చాప పక్కనే పెట్టుకోండి.